చాచా దాచిన రెండో పెన్‌డ్రైవ్

మొన్న శుక్రవారం పొద్దున్నే గద్వాల నుంచి ఫోన్ వచ్చింది. మా పుట్టింటి పక్కింటి చాచా ఇక లేడు. నమాజు చేసుకుని గోడకు ఆనుకున్నవాడు అలాగే ఒరిగిపోయాడని చాచీ చెప్పింది. నేను వనపర్తి నుంచి చేరేసరికి వీధి నిండా జనం. అందులో సగం మంది పెళ్లి ఫొటోలు ఆయన తీసినవే.

చాచాది బజారులో చిన్న స్టూడియో. మానవపాడు, వడ్డేపల్లి వైపు ఏ పెళ్లయినా ఆయన కెమెరా ఉండాల్సిందే. రీళ్లు పోయి డిజిటల్ వచ్చాక ఫొటోలు సీడీల్లో దాచేవాడు. ఒక పెళ్లి సీడీ గీతలు పడి చదవకుండా పోయిన రోజు ఆయన అన్నం ముట్టలేదు. ఆ తర్వాతే ఇంట్లో సర్వర్ పెట్టుకున్నాడు. పాత కంప్యూటరు డబ్బాలో ఫొటోలు దాచే హార్డ్‌డిస్కులు బిగించాడు, పెన్‌డ్రైవ్ గుచ్చితేనే అది లేచేది. సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఆ పెన్‌డ్రైవ్‌కే ముడిపడి ఉంటుంది. మరోదాంట్లోకి కాపీ చేస్తే నడవదు. అందుకని రెండో పెన్‌డ్రైవ్‌కు కూడా లైసెన్సు కొని, దాన్ని ఫిల్ము డబ్బాలో పెట్టి, వనపర్తిలో మా బీరువాకు చేర్చాడు.

"మీ ఇంట్లో పెట్టుకోక ఇంత దూరం ఎందుకు చాచా?" అన్నాను.

"రెండు తాళంచెవులు ఒక్క జేబుల ఏసుకుంటే, జేబు చినిగిననాడు ఏం జేస్తవ్ బేటీ?" అన్నాడు.

అప్పుడప్పుడూ వచ్చి దాన్ని పట్టుకెళ్లి, దానితో సర్వర్‌ను లేపి చూసి, ఏ డిస్కు ఎక్కడుందో ఆ కొత్త వివరాలు ఎక్కించి మళ్లీ తెచ్చిచ్చేవాడు. "ఉన్నదనుకుంటే ఉన్నట్టు గాదు. నడుస్తదని చూసినంకనే ఉన్నట్టు" అనేవాడు. చాచీ నవ్వేది: "ఈయనకు గద్వాలల నేనొక్కదాన్ని, వనపర్తిల గా డబ్బా."

రెండు వేల తొమ్మిదిలో తుంగభద్ర పొంగి మానవపాడు వైపు ఊళ్లను ముంచినప్పుడు చాచా నుంచి ఫోన్ వచ్చింది.

"బేటీ, డబ్బా తీస్కొని ఉన్న బస్సుకు రా."

కరెంటు పోతూ వస్తూ ఉండటంతో మొదటి పెన్‌డ్రైవ్ చచ్చిపోయింది. ఆయన గుమ్మంలో ఒక తల్లి కూర్చుని ఉంది. ఊరు ఖాళీ చేయించేటప్పుడు ఆమె కూతురిని ఎవరో వేరే ట్రాక్టరు ఎక్కించారు. ఆ పిల్లకు మాట రాదు, తన పేరు కూడా చెప్పుకోలేదు. ఇల్లు నీళ్లలో పోయింది, ఇంట్లోని ఫొటోలూ పోయాయి. మిగిలినవి ఆమె తమ్ముడి పెళ్లిలో చాచా తీసి సర్వర్‌లో దాచినవే.

నేనెక్కిన బస్సును బీచుపల్లి వంతెన దగ్గర పోలీసులు ఆపేశారు. కింద కృష్ణ ఎర్రగా ఉరుకుతోంది. వెనక్కి పంపేస్తారేమోనని డబ్బాను పిడికిట్లో బిగించుకుని కూర్చున్నాను. చివరికి బండ్లను ఒక్కొక్కటిగా వదిలారు.

చాచా పెన్‌డ్రైవ్ గుచ్చాడు. తెర వెలిగింది. అంతలోనే ఆయన ముఖం మారిపోయింది. ఈమధ్యే ఆయన ఒక డిస్కు మార్చాడు. మా ఇంట్లో ఉన్న పెన్‌డ్రైవ్‌కు ఆ సంగతి తెలియదు. ఏ డిస్కు ఎక్కడిదో తెర అడుగుతోంది.

"ఏదో ఒకటి ఒత్తన్నా! నా బిడ్డ యాడుందో ఏమో!" అని తల్లి అరిచింది.

"తప్పు ఒత్తితే ఫొటోలన్నీ తుడుసుకపోతయ్ చెల్లె. నీ బిడ్డ మొఖం నా చేత్తోనే పోగొట్టినట్టయితది. జర ఆగు."

 చాచా మిషన్ ఆపి, కంప్యూటరు డబ్బా విప్పి, డిస్కులు ఒక్కొక్కటీ బయటికి తీశాడు. వాటి మీది నంబర్లు నన్ను చదవమన్నాడు, తను కాగితం మీద రాసుకున్నాడు. మళ్లీ బిగించి తెర మీద సరిచూసుకున్నాడు. నేను చాలనుకున్నాను. ఆయన అనుకోలేదు. కాగితం నా చేతికిచ్చి "ఇంకోపారి సదువు" అన్నాడు. ఆమె గోడకు తల కొట్టుకుంటోంది. చాచీ ఆమెను గట్టిగా పట్టుకుని కూర్చుంది. చివరికి చాచా "బిస్మిల్లా" అని మీట నొక్కాడు.

పెళ్లి ఫోల్డరు తెరుచుకుంది. పెళ్లికూతురి వెనక, బుగ్గలో లడ్డూతో ఆ పిల్ల.

ఫొటోలు ప్రింటు తీసుకుని చాచా, ఆ తల్లి, నేను ముగ్గురం బయల్దేరాం. ముంపు ఊళ్లవాళ్లను ఉంచిన గద్వాల బడిలో పిల్ల లేదు. ఎర్రవల్లి దగ్గర లేదు. చాచా ఎక్కడికక్కడ గోడకు ఒక ఫొటో అంటించి కదిలాడు.  వడ్డేపల్లి బడిలో ఒక ముసలామె ఫొటో చూసి లేచి నిలబడింది.

"గీ పిల్లనా? ఏందడిగినా చెప్తలేదు. ముద్ద గూడ ముడ్తలేదు. లోపట పండుకున్నది, పో బిడ్డా."

తల్లి పరుగెత్తింది. చాచా ఆమె వెంట పోలేదు. వరండాలో స్తంభం పట్టుకుని కూలబడి, ముఖానికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నాకు తెలిసినంతలో ఆయన ఏడవడం అదొక్కసారే.

ఆ రోజు నంబర్లు రెండోసారి చదివించిన ఆ ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన్ని ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు. నాకు చేతనైనప్పుడల్లా ఏ పనైనా ఇంకోసారి సరిచూసుకుంటాను. అది ఆయన ఇచ్చి పోయిందే.

కొంచెంసేపటికి పిల్ల తల్లి చంకనెక్కి బయటికి వచ్చింది. చాచా చేతిలోని ఫొటో చూసి వంగింది. ఫొటోలోని బుగ్గ మీద వేలు పెట్టింది. అదే వేలు తన బుగ్గ మీద పెట్టుకుంది. ఔనా అన్నట్టు చాచా వైపు చూసింది. ఆయన తల ఊపాడు. అయినా ఆ పిల్ల నమ్మకం కుదరనట్టు మళ్లీ ఫొటో మీద వేలు పెట్టింది.