పిచ్చి మొక్కల సంగతి

అశోక్ నగర్‌లోని ఆ గల్లీకి రాజకుమారి టీచరంటే హడల్. నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో ఏళ్ల తరబడి ఆటలు నేర్పి రిటైరైన మనిషి. డ్రిల్లు చేయించిన గొంతు ఎక్కడైనా రిటైరవుతుందా? ఆమె నీళ్లంటే నీళ్లు వచ్చేవి, పారంటే పార వచ్చేది. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అడిగితే చెప్పే ఓపిక, నిజం చెప్పొద్దూ, ఆమెకూ లేదు.

గల్లీ చివర పాత బావిని పూడ్చిన చోట, గోడ పొడుగునా కాస్త జాగా ఉంది. ఒకప్పుడు అక్కడ చెత్త పోసేవాళ్లు. రాజకుమారి వాళ్లను అదిలించి, వాళ్లతోనే ఆ చెత్త ఎత్తించి, తంగేడు, కసివింద, జిల్లేడు నాటించింది. అక్క వాళ్ల కరీంనగర్ వైపు గుట్ట మీది నుంచి ఈశ్వరి తీగ తెచ్చి గోడకు పాకించింది. అది ఎన్నిసార్లు ఎండిందో! చివరికి ఎలాగో బతికింది. ఒక వానాకాలం నల్ల రెక్కలు, ఎర్రటి ఒళ్లు ఉన్న సీతాకోకచిలుక వచ్చి దాని మీద గుడ్లు పెట్టింది. ఆ గుడ్లలోంచి వచ్చే పురుగులకు ఈశ్వరి జాతి ఆకే తిండి, ఇంకోటి ముట్టవు. ఆ రోజు రాజకుమారికి సంబరంతో అన్నం సహించలేదు. అయినా ఎవరికీ చెప్పలేదు. చెబితే పదిమందీ చేతులు పెడతారని భయం.

గల్లీ వాళ్లు వాటిని పిచ్చి మొక్కలనేవాళ్లు. ఆమె కూడా పంతం కొద్దీ అదే పేరు ఖాయం చేసింది. 'మన పిచ్చి మొక్కలకు నీళ్లు పోసిండ్రా?' అని అరిస్తే బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన ఉమాకాంత్ కూడా బకెట్ పట్టుకుని పరుగెత్తేవాడు. సీతాకోకచిలుకలు ఏటా పెరిగాయి. చిక్కడపల్లి మార్కెట్‌కు పోయే వాళ్లు ఆగి మరీ చూసేవాళ్లు. ఇన్ని రంగులు ఎక్కణ్నుంచి వస్తున్నాయని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఈ ఏడు అక్కకు మోకాలి ఆపరేషనైతే రాజకుమారి కరీంనగర్ వెళ్లింది. నెల దాటింది. మనసంతా గోడ దగ్గరే. ఆస్పత్రి నుంచి ఉమాకాంత్‌కు ఫోన్ చేసి హడావిడిగా ఒక్క ముక్క చెప్పింది.

"నేనొచ్చేదాక జర ఆ పిచ్చి మొక్కల సంగతి చూడుండ్రి."

ఆయన సరేనన్నాడు. ఆమె నిశ్చింతగా పడుకుంది.

తిరిగొచ్చి ఆటో దిగేసరికి గల్లీ జనమంతా నవ్వు మొహాలతో నిలబడి ఉన్నారు. గోడకు కొత్తగా సున్నం. కింద అలికి పెద్ద ముగ్గు. వరసగా క్రోటన్ కుండీలు. తంగేడు లేదు, జిల్లేడు లేదు. ఈశ్వరి తీగ జాడ లేదు.

రాజకుమారి ముందు గల్లీ తప్పాననుకుంది పాపం. తర్వాత సంచి మీదే కూలబడింది.

"మీరు చెప్పినట్టే చూసినం టీచర్," అన్నాడు ఉమాకాంత్ గర్వంగా. "గడ్డపార పెట్టి వేళ్లతో సహా తీయించిన. మల్ల మొలవయి."

రాజకుమారి ఏమని తిడుతుంది? ఆ మాట తన నోట వచ్చిందే. సంగతి చూడమంటే అంతు చూడమని కూడా అర్థముందని ఇన్నేళ్లు పిల్లల్ని గద్దించిన నోటికి తెలియదా?

అంతలో ఆ గల్లీ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న మహేశ్వరి గోడ మూల నుంచి ఏదో చేతిలోకి తీసుకుని వచ్చింది. ఎర్రటి ముళ్లలాంటి బొడిపెలున్న పురుగు.

"ఇదేం తింటది టీచర్?"

ఇన్నేళ్లకు ఆ గల్లీలో ఆమెను ఒకరు ప్రశ్న అడిగారు.

"మీరు పీకేసిన తీగ ఆకు," అంది రాజకుమారి.

"వేరేది పెడితే?"

"తినదు. చస్తది."

మహేశ్వరి మొహం తెల్లబోయింది. జీవవైవిధ్యం మీద బిట్లన్నీ కంఠతా పట్టిన పిల్లకు, అది రోజూ తాను నీళ్లు పోసిన గోడ మీదే ఉందని ఇప్పుడు తెలిసింది. ఉమాకాంత్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"తెలిస్తే ముట్టుకుందుమా టీచర్? ఒక్క మాట చెప్పకపోతిరి," అన్నాడు మెల్లగా.

మర్నాడు పురుగు చచ్చిపోయింది. ఆదివారం ఉమాకాంత్, మహేశ్వరి మళ్లీ ఈశ్వరి తీగ తేవడానికి కరీంనగర్ వైపు ఆ గుట్టకు బయల్దేరారు. రాజకుమారి అందరికంటే ముందే చెప్పులేసుకుని గల్లీలోకి వచ్చింది. మహేశ్వరి అడ్డంగా నిలబడింది.

"మీరు రావొద్దు టీచర్. మీరుంటే మేం మిమ్మల్నే చూస్తం, తీగను చూడం."

రాజకుమారి నిర్ఘాంతపోయింది. ఆమెకు వద్దని చెప్పిన మనిషి ఆ గల్లీలో ఇంతవరకు లేదు. కోపం తన్నుకొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. కాసేపటికి చెప్పులు విప్పి, అరుగు మీద కూర్చుంది. ఆకు ఎట్లుంటుందో, వేరు ఎంత లోతుంటుందో, గుట్ట మీద ఎంత వదిలేసి రావాలో మొదటినుంచి చెప్పింది. జనం ఒక్కొక్కరే వచ్చి కింద కూర్చున్నారు. మధ్యలో ప్రశ్నలడుగుతుంటే ఆగి జవాబు చెప్పింది.