నోట్లో వెండికి మెరుగు

గడ్డం గీసుకోవడానికి మనిషి మోకాళ్ల మీద కూర్చోవలసి రావడం అంత గౌరవమైన విషయం కాదు. మా ఇంట్లో వాష్‌బేసిన్ దగ్గరి అద్దం నా బొడ్డుకు సూటిగా ఉంటుంది. నిలబడి చూస్తే లుంగీ ముడి బ్రహ్మాండంగా కనిపిస్తుంది, ముఖం కావాలంటే మాత్రం కిందికి దిగాలి. పైకి జరిపించమని ఇంట్లోవాళ్లను ఎన్నోసార్లు అడిగాను. "కిందికి కొట్టిచ్చింది నువ్వే గదా" అంటారు, అదేదో పెద్ద వాదన అయినట్టు. (వాదనే. కానీ నడుముకు వాదనలు ఎక్కవు.) ఆ రోజుల్లో నాకు నడుము అనే భాగం ఒకటి ఉన్నట్టే తెలియదు. డిగ్రీ చేతికి వచ్చి, ఉద్యోగం చేతికి రాక, వరంగల్ చౌరస్తా దగ్గరి సందులో నాయిన నడిపే వెండి దుకాణంలో కూర్చున్న రోజులవి. చదువుకున్న కొడుకును గనక నాకు చదువుకు తగ్గ పనే అప్పజెప్పారు. నల్లబడ్డ వెండిని తోమడం.

ఎట్లా తోముతారో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఒక టూత్‌బ్రష్షు, కాస్త తెల్ల పండ్లపొడి, గిన్నెలో నీళ్లు. పట్టగొలుసులైనా, కుంకుమ భరిణె అయినా, ఎవరి ఇంటి దేవుడైనా ఇదే మర్యాద. నా పక్కన పరుపు మీద మా అన్న కూతురు కూర్చునేది. రెండున్నరేళ్ల మనిషి, ఇంట్లో బుడ్డి అంటాం. ఆమెకూ ఒక బ్రష్షు ఇచ్చాం, లేకపోతే నాది లాక్కునేది. పొద్దంతా ఒకే పాత గిన్నెను పట్టువదలకుండా తోమేది. అప్పుడప్పుడు ఆ బ్రష్షును నోటి దగ్గరికి తీసుకుపోతే ఇంటిల్లిపాది ఒక్కసారే అరిచేవాళ్లం, "ఛీ! నోట్లె వెట్టకు!" అని. మేము శ్రద్ధగా నేర్పిన మొదటి పాఠం అది. బాగా వంటబట్టింది కూడా. దాని ఫలితం తర్వాత చూశాం.

బుడ్డికి పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే అలవాటు. ఒకరోజు మా వదిన దాని నోట్లోకి తొంగిచూసి, పండ్ల మీద గోధుమ రంగు మచ్చలు కనిపించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరం కలిసి హన్మకొండలో పండ్ల డాక్టరు దగ్గరికి పోయాం. (మా ఇంట్లో ఎవరికి ఏమైనా దవాఖానకు అందరం పోతాం. ఒక్కరే పోతే రోగం చిన్నబుచ్చుకుంటుంది.) డాక్టరమ్మ టార్చి వేసి చూసి, దవడ పండ్లు పుచ్చడం మొదలైందని చెప్పింది. సీసా బంద్ చేయాలి. పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి తోమాలి. వడ్లగింజంత పేస్టు చాలు. "వచ్చే నెల తీసుకురండి. ఇట్లనే ముదిరితే మత్తిచ్చి క్యాపులు పెట్టాలె" అంది.

'మత్తు' దగ్గర వదిన ముఖం పాలిపోయింది. మా నాయిన మాత్రం ఇంకో మాట దగ్గర ఆగిపోయాడు. "క్యాపంటే దేంతోని చేస్తరు మేడమ్?"

"స్టీలు."

 ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ నాయిన అన్నాడు, "మూడు తరాల సంది వెండి దుకాణం. మన పిల్ల నోట్లె స్టీలా? నవ్వితే బజారంత చూడదా?"

మర్నాటి నుంచి మా ఇంట్లో పండ్లు తోమే కార్యక్రమం మొదలైంది. పద్ధతి అమ్మది. అమ్మ తల పట్టుకుంటుంది, అన్న కాళ్లు, నేను చేతులు, వదిన బ్రష్షు. ఇందరు పెద్దవాళ్లు కలిసి అంత చిన్న నోరు తెరిపించలేకపోవడం చూస్తే, ప్రపంచంలో బలవంతులంతా ఎందుకు ఓడిపోతారో అర్థమవుతుంది. బుడ్డి పెదాలు బిగించేది. తెరిచిందంటే అరవడానికే. ఆ అరుపుకు పక్క గాజుల దుకాణం అక్క పరుగెత్తుకొచ్చి, "పిల్లను ఏం చేస్తాన్రు?" అని నిలదీసింది. "పండ్లు తోముతున్నాం" అంటే ఆమె నమ్మలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ నమ్మను. మూడోరోజు బుడ్డి ఏడవడం మానేసి నా ముఖంలోకి చూసింది. నేను చేతులు వదిలేశాను.

"ఏందిరా?" అంది అమ్మ.

"నేను పట్టుకోను."

"నువ్వు పట్టుకోకుంటే ఎవలు పట్టుకోవాలె?"

"ఎవలూ పట్టుకోవద్దు."

"నిన్ను గూడ గిట్లనే అదిమిపట్టి తోమిన. సచ్చినవా?"

"సావలేదు. గనీ ఇప్పటికి గూడ దవాఖాన మెట్లెక్కాలంటే కాళ్లు వణుకుతయ్."

"డిగ్రీ సదివినోనివి గదా, అయితే నువ్వే తోమియ్యి. వచ్చే నెల ఆ డాక్టరమ్మ మత్తు సూది తీసిన్నాడు నీతోని మాట్లాడుత."

అన్న నవ్వాడు. వదిన తన చేతిలోని బ్రష్షును నా చేతిలో పెట్టింది. అమ్మ తిట్లకన్నా అది బరువనిపించింది. గెలిస్తే ఎవరూ మెచ్చుకోరు. ఓడిపోతే ఆ పిల్లను మత్తిచ్చి బల్ల మీద పడుకోబెడతారు, ఇంటివాళ్లంతా నా వైపు చూస్తారు.

నా దగ్గర పథకం ఏదీ లేదు. అందుకని అప్పటివరకు ఎవరికీ తట్టని పని చేశాను. పిల్లనే అడిగాను. "ఎందుకొద్దు బుడ్డీ?"

నా అజ్ఞానానికి జాలిపడి చెప్పింది, "అది పట్టగొల్చులది. నోట్లె వెట్టద్దు. ఛీ."

ఆలోచిస్తే మా ఇంట్లో మాట మీద నిలబడ్డ మనిషి అదొక్కతే. బ్రష్షు నోట్లో పెడితే కేకలు వేసినవాళ్లమూ మేమే, కాళ్లూ చేతులూ పట్టుకుని అట్లాంటి బ్రష్షునే నోట్లో కుక్కుతున్నవాళ్లమూ మేమే. ఆ వయసులో నా ఇంట్లోవాళ్లు ఇట్లా మాట మారిస్తే నేనైతే కరిచేవాణ్ని. (అదీ కరిచింది. వదిన వేలి మీద ఇంకా మచ్చ ఉంది.)

మర్నాడు దుకాణం తెరవగానే నేను పరుపు మీద కాకుండా కొనవచ్చిన గిరాకీలు కూర్చునే వైపు కూర్చున్నాను. రెండు కొత్త బ్రష్షులు కొనుక్కొచ్చాను, ఒకటి నాకు, ఒకటి దానికి. (చదువుకున్నవాణ్ని.) "సేటమ్మా, నా నోట్ల వెండి నల్లవడ్డది. జర మెరుగు వెడ్తవా?" అని నోరు తెరిచాను.

బుడ్డి లేచి వచ్చింది. తాతలాగే చేతులు వెనక్కి కట్టుకుని చూసింది. గడ్డం పట్టుకుని నా తలను వెలుగు వైపు తిప్పింది. తర్వాత మొదలుపెట్టింది. రెండున్నరేళ్ల పిల్ల పనితనానికి పన్ను, చిగురు, కొండనాలుక అనే భేదాలు ఉండవు. నా కళ్లలో నీళ్లు తిరుగుతుంటే బ్రష్షు తీసి, "లేపు లాండ్లి" అంది. మా నాయిన ఏ గిరాకీకైనా చెప్పేది ఆ మాటే, రేపు రాండ్రి అని. నేను రేపు పోయాను. ఎల్లుండీ పోయాను. నాలుగైదు రోజులు గిరాకీగా తిరిగి నమ్మకం సంపాదించాక, "ఇప్పుడు నేను సేటును, నీ వెండి తే" అన్నాను. చాలాసేపు ఆలోచించి, బేరం పెట్టింది. ముందువి మాత్రమే. నేను సరే అన్నాను. ఇంకో రోజుకు పక్కవి. దవడ పండ్లకు 'లోపలి అర' అని పేరుపెట్టి, అక్కడ మంచి సరుకు ఉంటుందని ఊరించాను. మెరిసిందో లేదో చూడకుండా వదలదు గనక ఇంట్లో అద్దం కిందికి కొట్టించాను. నిద్రకు ముందు దుకాణం కట్టేసే పూజలాగా మళ్లీ ఒకసారి తోమేవాళ్లం. సీసా కోసం రెండు రాత్రులు ఏడ్చింది. ఎత్తుకుని తిప్పాను గానీ సీసా ఇవ్వలేదు.

మా నాయిన మాత్రం దీన్ని సహించలేకపోయాడు. "షాపా దవాఖానా ఇది? డిగ్రీ సదివినోడు నడిబజార్ల నోరు తెరుసుకోని కూసుంటాండు. రేపటి సంది బంద్."

"బంద్ గాదు" అన్నాను. "గావాలంటే నన్ను బంద్ జెయ్యి. తోమెటందుకు వేరే మనిషిని వెట్టుకో."

ఆ జీతానికి వేరే మనిషి దొరకడని ఇద్దరికీ తెలుసు. ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. అదే సమయంలో పాలకుర్తి నుంచి మనుమరాలి పెళ్లికి మెట్టెలు కొనడానికి వచ్చిన ఒక ముసలమ్మ మా వ్యవహారమంతా చూసి, ముచ్చటపడి, తన నోరూ తెరిచింది. "నాయి గూడ జూడు బిడ్డా." అందులో మిగిలినవి రెండో మూడో, అవీ వక్కాకు పుణ్యాన నలుపు. బుడ్డి శ్రద్ధగా పరిశీలించి, పాత వెండి తూచేటప్పుడు తాత చెప్పే తీరులోనే చెప్పింది, "తలుగు శానా వోయింది."

నాయిన కళ్లు మూసుకున్నాడు. ముసలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ నవ్వింది. "సేటూ, నీ దుకాణంల తరుగు సంగతి నిజం జెప్పింది ఈ పిల్లొక్కతే" అంది. ఆ తర్వాత నాయిన 'బంద్' అనే మాట ఎత్తలేదు.

నెల తర్వాత మళ్లీ అందరం పోయాం. డాక్టరమ్మ నోరు తెరవమనకముందే బుడ్డి తెరిచి, "లోపలి అల గూడ చూడు" అని చెప్పింది. ఆవిడ చాలాసేపు చూసింది. మా వదిన నా చొక్కా అంచు పట్టుకుని ఉన్న సంగతి తనకే తెలియదు. "పుచ్చు ఎక్కడిదక్కడ ఆగింది. మందు పూస్తే చాలు. క్యాపులు అక్కర లేదు" అంది డాక్టరమ్మ. వదిన చొక్కా వదిలింది. ఆటోలో అమ్మ తీర్పు చెప్పింది, "మొదట్ల నేను గట్టిగ అదిమిపట్టబట్టే దారికొచ్చింది."

నేను ఇప్పటికీ ఒప్పుకోను. బంధువుల ఇండ్లలో ఏ పిల్లనైనా అదిమిపట్టి తోముతుంటే లేచి పోయి చేతులు విడిపిస్తాను. దానివల్ల నన్ను పిలిచే ఇండ్లు తగ్గాయి. పర్వాలేదు. నాకు పెండ్లయింది, ఒకడు పుట్టాడు, వాడూ పెదాలు బిగిస్తాడు. వాడి ముందు కూడా నేనే ముందు నోరు తెరుస్తాను.

మొన్న బుడ్డి బడి నుంచి నేరుగా దుకాణానికి వచ్చింది. ఇప్పుడు అయిదో తరగతి, 'ర' చక్కగా పలుకుతుంది. పిడికిలి విప్పి నా అరచేతిలో ఒక దవడ పన్ను పెట్టింది. ఆనాడు పుచ్చడం మొదలైన ఆ పన్నే. క్యాపు లేదు, స్టీలు లేదు, ఓ మూల పాత మచ్చ తప్ప తెల్లగా, నిండుగా ఉంది. ఇంట్లో అంత మంది మీద ఎగిరిన ఆనాటి నేను గుర్తొచ్చాను. ఆ పన్నును చూస్తూ కూర్చుండిపోయాను. బుడ్డి కాసేపు నన్నూ, పన్నునూ మార్చి మార్చి చూసి అంది:

"ఎట్లనన్న ఊడిపొయ్యేదే గదా బాబాయ్. దీని కోసమా నువ్వు అంత లొల్లి వెట్టుకున్నది?"