తప్తపాణికి సెలవు దొరికిన విధం

పెళ్లయి ఏడాది దాటినా మా ఆయన కిరణ్‌తో కలిసి ఎక్కడికీ వెళ్లింది లేదు. నేను హైదరాబాద్‌లో పెరిగినదాన్ని, శనివారమంటే షికారే. అత్తారింట్లో శనివారమంటే గిరాకీ. బరంపురం బడా బజార్‌లో మాది చీరల దుకాణం. ఓ మధ్యాహ్నం ఫోన్‌లో వెతుకుతుంటే తప్తపాణి కనబడింది. కొండమీద అడవి, నేలలోంచి ఉబికే వేడి గంధకపు నీళ్లు, ఆ నీళ్లే స్నానాలగదిలోకి వచ్చే గెస్ట్‌హౌస్. ఇంతకంటే మంచి స్పా రిసార్ట్ ఏముంటుందని గది బుక్ చేసేశాను. అత్తయ్యతో గొడవకి సిద్ధపడే చెప్పాను. ఆవిడ మాత్రం ఊరి పేరు వినగానే మురిసిపోయి, దుకాణం తాను చూసుకుంటానంది. కొబ్బరికాయా అరటిపళ్లూ కూడా సర్దింది.

శనివారం ఉదయం ఏడింటికి కొత్త బస్టాండులో బస్సెక్కాం. దిగపొహండిలో ఆగినప్పుడు గారెల్లాంటి వేడి బడలు, బఠాణీ గుగుని కూర తిన్నాం. తర్వాత ఘాట్ మొదలైంది. నేను కిటికీలోంచి వీడియో తీస్తున్నాను. పక్కసీట్లో గోపాలపూర్ పెద్దావిడ నా మెట్టెలు చూసి, పెళ్లయి ఎన్నాళ్లయిందని అడిగింది. చెప్పాను.

"కాయ సేతికి దొరికితే ఒదిలీకమ్మా. కొంగున కట్టీసుకో."

ఏ కాయ అంటే ఆవిడే విడమరిచింది. వేడినీళ్ల కుండంలో దిగి, చెట్టు నుంచి రాలిన కాయని బురదలో వెతికి తీస్తే కడుపు పండుతుందట. పిల్లల కోసం ఆడవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారట. ముందు సీట్లవాళ్లు కూడా వెనక్కి తిరిగి నన్ను చూసి ఆప్యాయంగా నవ్వారు.

నాకు చిర్రెత్తుకొచ్చింది.

"నీకు తెలుసా?" అన్నాను కిరణ్‌తో.

"బరంపురంలో తెలీనోళ్లెవరే? ఉత్తినే తిరగడానికంటే అమ్మ పంపుతాదేటి?"

ఇంకో రెండేళ్లు పిల్లలు వద్దని మేమిద్దరం అనుకున్నాం. అత్తయ్యకి ఆ మాట చెప్పనేలేదు. ఆవిడేమో ఆశపడి పంపింది. బస్సు దిగి, సంచులు కిరణ్‌కే వదిలేసి గెస్ట్‌హౌస్‌కి ముందు నడిచాను.

గది స్నానాలగదిలో టబ్ నిండా నీళ్లు పొగలు కక్కుతున్నాయి, చన్నీళ్లు కలుపుకోక తప్పదు. గంధకం వాసనకి మొదట ముక్కు మూసుకున్నాను, కాసేపటికి మరిచిపోయాను. మెడ దగ్గర పట్టేసిన నరం మెల్లగా వదిలింది. బయటికొచ్చేసరికి కిరణ్ మీద కోపం కూడా సగం దిగింది. మిగతా సగం కోపం అన్నం, కూరగాయలేసిన పప్పు దాల్మా, కోడికూర ముందు కూర్చున్నాక పోయింది. సాయంత్రం కుండం పక్క గుడిలో కొబ్బరికాయ కొట్టి, ఘాట్ రోడ్డు మీద నవ్వుకుంటూ నడిచాం. అత్తయ్య గుర్తొచ్చినప్పుడల్లా మాత్రం నా నవ్వు ఆగిపోయేది.

ఆదివారం మధ్యాహ్నం తిరుగు బస్సులో, కొండ దిగి సిగ్నల్ రాగానే ఆవిడకి ఫోన్ చేశాను. కాయ వెతకలేదనీ, ఇప్పుడే పిల్లలు వద్దనుకున్నామనీ, ఊరికే స్నానాలకే వెళ్లామనీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఆవిడ అవతల ఎవరికో చీర ధర చెప్పి, మళ్లీ ఫోన్‌లోకి వచ్చింది.

"దానికింత భయమేటే?" అంది. "మీ మావ, నేను మూడుసార్లు ఎల్లినాం. మా అత్తకి కాయ కోసమనే సెప్పినాం. మూడోసారికి కిరణ్‌గాడు నా సంకలో ఉన్నాడు."

తర్వాత గొంతు తగ్గించి, నీళ్లు ఇంకా అంత వేడిగానే ఉన్నాయా అని అడిగింది.

వెళ్లాలనుకునేవాళ్లు శనివారానికి గది ముందే చూసుకోండి. వచ్చే శనివారానికి ఒకటి నేను బస్సులోనే బుక్ చేశాను, అత్తయ్యకీ మావయ్యకీ. దుకాణం మేం చూసుకుంటాం.