యాంటెన్నా కంపెనీ కాయిల్

1976 జూన్ 14, సోమవారం నాడు పోర్ట్‌బ్లెయిర్‌లోని ఒక ప్రభుత్వ పాఠశాలలో హాబీ వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాను. హోదాలో సైన్సు టీచరు కంటే కింద, ల్యాబ్ అసిస్టెంటు కంటే పైన. పని, సాయంత్రాలు పెద్ద తరగతుల పిల్లలు ఆరుగురి చేత ఆరు ట్రాన్సిస్టర్ రేడియోలు చేయించడం. డిసెంబరు ఇన్‌స్పెక్షన్ నాటికి ఆరూ పలకాలి. పలకకపోతే గది కుట్టుపని విభాగానికి పోతుందనీ, దాంతోపాటే నన్నూ అటు మారుస్తామనీ హెడ్‌మాస్టరు చెప్పారు. ఆడమనిషికి అది మేలే కదా అని ఆయన ఉద్దేశం. నాకు బొత్తాం కుట్టడం కూడా రాదు.

సామాను ఎక్కడ కొనాలన్నది మొదటి ప్రశ్న. బజారులో రేడియోలు బాగుచేసే దాసు గారి దగ్గర విడిభాగాలు ఉండేవి. ఆదివారాలు తెలుగు చర్చిలో హార్మోనియం వాయించే మనిషి. ధర మాత్రం మద్రాసుకు రెట్టింపు చెప్పేవారు. ఓడ కిరాయి, దారిలో పగిలేవీ కలుపుకున్నా మద్రాసు సరుకే మూడో వంతు చవకని నేను లెక్క తేల్చాను. పైగా దాసు గారు పక్కా బిల్లు ఇవ్వరు. కాబట్టి మా స్టోర్స్ దృష్టిలో అక్కడ దుకాణమే లేదు.

ఇండెంట్, అంటే కావలసిన సామాను జాబితా, జూలైలో రాసి ఇచ్చాను. రెసిస్టర్లు, కండెన్సర్లు, ట్రాన్సిస్టర్లు, యాంటెన్నా కాయిల్ ఆరు. ఫెర్రైట్ అనే నల్లటి కడ్డీ మీద సన్నని రాగితీగ చుట్టి ఉండేదే ఈ కాయిల్. ఇది లేకపోతే రేడియో ఏ స్టేషనునూ పట్టదు. తీగ మనం చుట్టుకోగలం, కడ్డీని చేసుకోలేం.

తుపాను వాతావరణం వల్ల మద్రాసు నుంచి సామాను పెట్టె నవంబరు చివరికి గానీ రాలేదు. విప్పి చూస్తే అన్నీ ఉన్నాయి, కాయిల్స్ తప్ప. స్టోర్‌కీపరు అప్పలరాజును అడిగాను. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన జాలరి కుటుంబం వాడు, చురుకైన మనిషి.

“కాయిల్ ఆగస్టులోనే తెచ్చేశాను గదా మేడం! లోకల్‌గా దొరికీది లోకల్‌లోనే కొనాలని రూలు. మద్రాసు లిస్టులోంచి కొట్టేశాను,” అని బీరువా తెరిచి ఆరు పెట్టెలు బల్ల మీద పెట్టాడు. దోమల కాయిళ్లు.

యాంటెన్నా కాయిల్ అని రాశాను కదా అన్నాను.

“ఆ కంపెనీ బజారంతా ఎతికినా దొరకలేదు మేడం. ఏరే కంపెనీది తెచ్చాను. మస్త్ పనిచేస్తాది, మా ఇంట్లో అదే.”

తరువాతి ఓడ ఇన్‌స్పెక్షన్ దాటాక. ఆ సాయంత్రమే దాసు గారి దుకాణానికి వెళ్లాను. ఆయన అట్టపెట్టెలోంచి ఆరు కాయిల్స్ తీసి వరుసగా పేర్చారు. పెట్టె మీద మా సామాను వచ్చిన మద్రాసు దుకాణం పేరే ఉంది. ఎప్పుడు వచ్చాయని అడిగితే, మా పెట్టె వచ్చిన ఓడలోనేనన్నారు.

“మరి ధర రెట్టింపు ఎందుకండీ?”

“మీది ఆఫీసు తెప్పించింది దీదీ. నాది నేనే తెచ్చుకున్నాను. తేడా అంతే,” అని కాగితంలో చుట్టి ఇచ్చారు. బిల్లు లేదు. స్టోర్స్ ఒప్పుకోదు గనుక ఖర్చు నా జీతంలోంచే పోయింది.

ఇన్‌స్పెక్షన్ డిసెంబరు 9 సాయంత్రం జరిగింది. ఆరు రేడియోలూ పలికాయి. ఒకటి కాస్త బొంగురుగా. వచ్చిన అధికారి గంటసేపు కూర్చుని పుస్తకంలో రెండు వాక్యాలు రాశారు. మొదటిది: రేడియోలు పనిచేస్తున్నవి. రెండోది: ఈ ఊళ్లో దోమలు లేని ప్రభుత్వ గది ఇదొక్కటే, నిర్వహణ ప్రశంసనీయం. అప్పలరాజు నాలుగు మూలలా నాలుగు కాయిల్స్ వెలిగించి ఉంచాడు. మరుసటి ఏడు ఆడిట్‌లో వాటి బిల్లుకు ఒక్క అభ్యంతరం కూడా రాలేదు. గది మాకే దక్కింది.

ఆ ఉద్యోగంలో మరో ఇరవై రెండేళ్లు ఉన్నాను. ద్వీపంలో విడిభాగాలు కొనేటప్పుడు ధర కంటే ముందు చూడవలసింది ఒకటుంది: ఆ వస్తువు పేరు చెబితే అదేమిటో తెలిసిన మనిషి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాడా లేదా అని. పెద్ద సరుకు మద్రాసు నుంచే తెప్పించాను, కాయిల్స్ మాత్రం దాసు గారి దగ్గరే కొన్నాను. తప్పనిసరై స్టోర్స్‌కు రాయవలసి వచ్చినప్పుడు, కాయిల్ పక్కన ‘వెలిగించేది కాదు’ అని చేర్చేదాన్ని.