క్యాలెండర్లో చెప్పులు

తెనాలిలో ఇళ్ళ ప్లాన్లు గీయడం నా వృత్తి. ఇరవై ఆరేళ్ళుగా గీస్తున్నాను. ఇన్నేళ్ళలో నేను గీసింది గీసినట్టు కట్టిన ఇల్లు ఒక్కటి కూడా లేదని గట్టిగా చెప్పగలను. కాగితం మీద ఇంటి చుట్టూ గాలికీ వెలుతురుకీ ఖాళీ వదులుతాను. పునాది పడగానే ఆ ఖాళీలోకి ముందు మెట్లొస్తాయి. తర్వాత బాత్రూమొస్తుంది. ఆఖరికి రెండు మెట్లు సైడు కాలవ దాటి రోడ్డు మీదికొచ్చి కూర్చుంటాయి. ప్లాను ఆఫీసు ఫైల్లో ఉంటుంది, ఇల్లు దాని ఇష్టమొచ్చినట్టు ఉంటుంది. ఎవరికీ బాధ లేదు.

నా చేతికి కెమెరా వచ్చింది మా బావమరిది వల్ల. బాపట్లలో పెళ్ళి ఫొటోలు తీసేవాడు. పెళ్ళికూతుళ్ళను చూసీ చూసీ మొహం మొత్తి రొయ్యల మేత వ్యాపారంలోకి దిగాడు. రొయ్య ఎప్పుడూ "అన్నా, బుగ్గలు లావుగా వచ్చాయి, మళ్ళీ తియ్యి" అనదట. కెమెరా తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "బావా, మనుషుల్ని మాత్రం తియ్యమాక. సుఖపడతావు" అన్నాడు.

ఆ ఒక్క సలహా నేను తు.చ. తప్పకుండా పాటించాను.

మొదట తీసింది బాపట్లలోనే, మా అత్తగారి వీధిలో ఒక కొత్త ఇంటి మెట్లు. గోడ పక్కనుంచి, నిబంధనలన్నిటినీ తొక్కుకుంటూ పైకెక్కిన మెట్లు. కాగితం మీదైతే ఎర్రపెన్నుతో కొట్టేసేవాణ్ణి. కెమెరాలోంచి చూస్తే సాయంత్రపు ఎండకి వాటి నీడ పక్కింటి పసుప్పచ్చ గోడ మీద రంపం పళ్ళలా పడి ఉంది. ఆ పళ్ళ మధ్యలో ఎవరిదో ఆరేసిన ఎర్ర లుంగీ. అంత అందమైన అక్రమ కట్టడాన్ని నేనెప్పుడూ చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని తీస్తుంటే ఇంటావిడ బయటికొచ్చింది.

"ఏంటండీ, ఎవరు మీరు? మున్సిపాలిటీనా?"

"కాదమ్మా. మెట్లు బాగున్నాయని."

"మెట్లు బాగుండటమేంటి? మా ఆయన రెండుసార్లు పడ్డాడు వాటిమీంచి. నిజం చెప్పండి బాబాయిగారూ, ఎవరు పెట్టారు పిటిషను? ఎదురింటోళ్ళేనా?"

ఎదురింటివాళ్ళు నిర్దోషులని నమ్మించడానికి అరగంట పట్టింది. నమ్మలేదనే అనుకుంటాను.

ఆ తర్వాత నన్నెవరూ ఆపలేకపోయారు. సూర్యలంక ఒడ్డున బోర్లించిన పడవల వరస. కాకుమాను దారిలో కోతయ్యాక పొలంలో మిగిలిన వరిదుబ్బుల చుక్కలు. కాలవలో మునిగిన గేదె వీపు, నీళ్ళ మీద నల్లటి కొండలా. అన్నిటిలోనూ గీతలూ వంపులూ త్రికోణాలూ కనబడసాగాయి. మా ఆవిడ బడిలో లెక్కలు చెబుతుంది, చర్చి క్వయిర్‌లో పాడుతుంది. ఒకరోజు కెమెరాలో ఫొటోలన్నీ వరసగా చూసి నెమ్మదిగా అంది: "మనకి పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఇందులో నా ఫొటో ఒక్కటీ లేదు. గేదె వీపులు పదకొండున్నాయి."

"గేదె కదలదే" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఇలా ఉండగా మా చర్చి అయ్యగారు కబురు పెట్టారు. కొత్త సంవత్సరానికి సంఘం తరఫున క్యాలెండరు వేస్తున్నారు, పన్నెండు ఫొటోలు నేను తీయాలి. బయటివాడికిచ్చే బదులు ఇంట్లోవాడికిస్తే మంచిదని కమిటీ నిర్ణయం.

నాలుగు ఆదివారాలు తీశాను. కిటికీ ఊచల నీడలు నేల మీద. గాయకుల వరసలో జడల వెనకభాగం. చేతులు పడీ పడీ నున్నబడిన బల్ల అంచు. మూడో ఆదివారం, ప్రసంగం రెండో భాగంలో ప్రవేశించిన సమయాన, నేను మెల్లగా జారుకుని గంట గోపురం మెట్లెక్కాను. పైనుంచి కిందికి చూస్తే గుమ్మం ముందు చెప్పులు. నూట యాభై జతలుంటాయి. అన్నీ ఏటికెదురీదే చేపల్లా గుమ్మం వైపు మూతులు పెట్టి ఉన్నాయి. కాసేపు చూశాక ఇంకో సంగతి కనబడింది. పైమెట్టు మీద తోలు చెప్పులు, బూట్లు. అవి సంఘ పెద్దలవి. మధ్య మెట్ల మీద గుమస్తాలవీ టీచర్లవీ శాండల్స్. కింద మట్టిలో, ఒకదాని మీదొకటి పడి, హవాయి చెప్పులు. దేవుడి ముందు అందరూ సమానమే. కాకపోతే ఆ సమానత్వం గుమ్మం లోపల మొదలవుతుంది, చెప్పులకి వర్తించదు. మా సంఘాన్ని అంత బాగా చూపించే ప్లాను నేనైతే గీయలేను.

కమిటీ ఫొటోలన్నీ చివరిదాకా చూసి, మళ్ళీ మొదటినుంచి చూసింది. ఆఖరికి సెక్రటరీగారు గొంతు సవరించుకున్నారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. రేపల్లెలో ఇల్లు కట్టుకున్నారు, అయినా ప్రతి ఆదివారం పాసింజరెక్కి తెనాలి చర్చికే వస్తారు.

"బాగానే ఉన్నాయి గానీ, మనుషులేరయ్యా? అయ్యగారేరి? కమిటీ ఏది? ఇది క్యాలెండరా, కట్టడాల రిపోర్టా?"

దాంతో కమిటీని గుమ్మం ముందు నిలబెట్టి గ్రూపు ఫొటో తీశాను. తొమ్మిదిమంది, తొమ్మిది కండువాలు, నవ్వు ఒక్కరికీ లేదు. జనవరికి ఆ ఫొటో, పైన "మన సంఘ పెద్దలు", కింద ఎడమ నుంచి కుడికి పేర్లు అని తీర్మానించారు. చెప్పుల ఫొటో అయ్యగారికి నచ్చింది. జూన్‌లో వేద్దామన్నారు. దానికి ఆయనే ఒక మాట రాసిచ్చారు: "వీటిని బయటే విడిచి లోపలికి రండి."

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించేటప్పుడు ఒక్కోదానికీ పేరు పెట్టాను. చెప్పుల ఫొటోకి, పైమెట్టు చూసి, నాలో నేను నవ్వుకుంటూ "పెద్దలు" అని పెట్టాను. గ్రూపు ఫొటోకి ఏం పెట్టానో గుర్తు లేదు. "జూన్" అని మాత్రం పెట్టలేదు.

అచ్చు వేసింది గాంధీచౌక్ వెనక ప్రెస్సు భాయ్. మా చర్చి పెళ్ళికార్డులూ కరపత్రాలూ ఎప్పటినుంచో ఆయనే వేస్తాడు. అచ్చుతప్పు పడితే నిద్రపోని మనిషి. ఫైనల్ చేసేముందు నాకు ఫోన్ చేశాడు. ఆ సమయానికి నేను సూర్యలంకలో ఒక పడవ కింద దూరి, దాని అడుగుచెక్కల వంపు తీస్తున్నాను.

"సార్, జనవరి ఫొటో విషయంలో చిన్న డౌటు..."

"నేను పేర్లు పెట్టానుగా భాయ్. పేరు చూసి పెట్టెయ్" అని ఫోన్ పెట్టేశాను. వెలుతురు పోతోంది మరి.

డిసెంబరు ఆఖరి ఆదివారం, ఆరాధన అయ్యాక క్యాలెండర్లు పంచారు. ముందు ఆడవాళ్ళ వైపు పంచారు. కాగితాలు విప్పిన గరగర, ఆ తర్వాత క్వయిర్ బల్ల మీంచి ఆపుకోలేని ఒక చిన్న కూత. అది మా ఆవిడది. పైటచెంగు నోట్లో కుక్కుకుంది.

జనవరి పేజీలో "మన సంఘ పెద్దలు" అని పెద్దక్షరాల్లో ఉంది. దాని కింద నూట యాభై జతల చెప్పులు. వాటి కింద ఎడమ నుంచి కుడికి తొమ్మిది పేర్లు, హోదాలతో సహా. గబగబా జూన్ తిప్పాను. తొమ్మిదిమంది పెద్దలు కండువాలతో నా వైపు కళ్ళురిమి చూస్తున్నారు. వాళ్ళ కింద అందమైన అక్షరాలతో: "వీటిని బయటే విడిచి లోపలికి రండి."

అప్పటికే నవ్వు చర్చంతా పాకింది. వెనక బెంచీలో కూర్చునే ఒక ముసలావిడ, కాకుమాను పొలాల్లో నలభై ఏళ్ళు నాట్లేసిన మనిషి, కళ్ళజోడు సర్దుకుని జనవరి పేజీని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇదుగో! పిన్నీసు పెట్టిన చెప్పు నాదే! ఒసే, ఇటు చూడు, నా చెప్పు పడింది క్యాలెండర్లో!"

అంతే. మిగతావాళ్ళందరూ వేళ్ళు పెట్టి వెతుక్కోవడం మొదలుపెట్టారు. "ఆ నీలంది మా ఆయనది." "ఇది పోయిన నెల పోయిన జత, ఎవరు తొడుక్కెళ్ళారో ఇప్పుడు తెలుస్తుంది ఉండు."

పెద్దలు మాత్రం నవ్వలేదు. వెంటనే వేదిక పక్క గదిలో సమావేశమయ్యారు. సెక్రటరీగారు క్యాలెండరుని చుట్టచుట్టి బల్ల మీద కొట్టారు.

"ఆ ప్రెస్సతను కావాలనే చేశాడు. మనవాళ్ళకిచ్చుంటే ఇలా జరిగేదా? ఇక మన పని ఒక్క కాగితం కూడా అతనికి పోకూడదు."

"అలా అనకూడదండి. పొరపాటేమో" అన్నారు అయ్యగారు.

అందరూ నా వైపు చూశారు. నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం. పేరు నేనే పెట్టాను అని. నేను చెప్పలేదు. కెమెరా సంచీ జిప్పు ఒకటికి రెండుసార్లు తీసి పెట్టాను. ఈ వయసులో ఒక మనిషి జిప్పు వెనక దాక్కోగలడని ఆ రోజే తెలిసింది.

సోమవారం పొద్దున భాయ్ మా ఇంటికొచ్చాడు. కాఫీ తాగలేదు. కూర్చోనూ లేదు.

"చర్చివాళ్ళు ఫోన్ చేశారు సార్. ఫిబ్రవరిలో ఉన్న పెళ్ళికార్డులు కూడా వద్దన్నారు. దానికేం, పని పోతే పోతుంది. వాళ్ళ పెద్దల్ని నేను చెప్పులన్నానంటున్నారు. మా నాన్న కాలం నుంచి మీ చర్చి కాగితం నా ప్రెస్సులో కింద పెట్టలేదు సార్. బల్ల మీదే పెడతాం." పెన్‌డ్రైవ్ తీసి టీపాయ్ మీద పెట్టాడు. "పేరు మీరే పెట్టారు. డౌటొచ్చి ఫోన్ చేశాను. మీరేమన్నారో మీకు గుర్తుందా?"

ఉందన్నాను. ఆయన వెళ్ళిపోయాడు. వంటింటి గుమ్మంలోంచి అంతా విన్న మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"రేపల్లె పాసింజరు ఎన్నింటికో కనుక్కోండి."

"ఫోన్లో చెబితే సరిపోదా?"

"ఫోన్లో చెప్పబట్టే కదా ఇదంతా."

రేపల్లెలో రైలుపట్టాలు ఆగిపోతాయి. అక్కణ్ణుంచి రైలుకి పోవడానికి చోటు లేదు, నాకూ లేదు. దారంతా ఒక్క ఫొటో తీయలేదు. కెమెరా ఇంట్లోనే వదిలేసి వెళ్ళాను.

సెక్రటరీగారు వరండాలో పడకకుర్చీలో ఉన్నారు. ఒళ్ళో క్యాలెండరు, చేతిలో భూతద్దం. నన్ను చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. నిలబడే మొత్తం చెప్పేశాను. పేరు ఎందుకలా పెట్టానో, పైమెట్టు సంగతి, పడవ కింద ఫోను, కమిటీ గదిలో నోరు మెదపకపోవడం, అన్నీ. "భాయ్ తప్పు ఇసుమంత లేదండి. తిట్టేదేదో నన్ను తిట్టండి" అన్నాను.

ఆయన భూతద్దం దించలేదు.

"అదలా ఉంచు. నిన్న మధ్యాహ్నం నుంచి చూస్తున్నా. పైమెట్టు మీద తొమ్మిదిమందివి ఉండాలి. ఎనిమిది జతలే ఉన్నాయి. నావేవయ్యా?"

కంగారుగా వంగి చూశాను. ఆయనవి ముదురు గోధుమరంగు తోలు చెప్పులు, బొటనవేలికి కొక్కెం ఉన్నవి. పైమెట్టు మీద లేవు. రెండో మెట్టు మీదా లేవు. చివరికి నాకే కనబడ్డాయి. అన్నిటికన్నా కింద, మట్టిలో, హవాయి చెప్పుల మధ్య ఒకటి. రెండోది బోర్లాపడి ఇంకెవరి చెప్పు కిందో.

"ఆ వారం పాసింజరు ముప్పావుగంట లేటు" అన్నారాయన నెమ్మదిగా. "పరిగెత్తుకుంటూ వచ్చా. ఎక్కడ విడిచానో కూడా చూసుకోలా."

తర్వాత ఆయన పొట్ట కదలడం మొదలైంది. ముందు దగ్గనుకున్నాను. హెడ్మాస్టర్లు నవ్వేటప్పుడు అలాగే ఉంటుంది కాబోలు. చాలాసేపు నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఒక్కసారిగా మళ్ళీ హెడ్మాస్టరైపోయారు.

"ఆదివారం అందరి ముందూ లేచి ఇదంతా నువ్వే చెప్పు. నా చెప్పుల సంగతి తప్ప. ప్రెస్సాయనకి నేను ఇవాళే ఫోన్ చేస్తా. ఆయన్ని నేనన్న మాట తప్పు. నువ్వేమో పేరు పెట్టి తప్పు చేశావు, నేను మాట అని తప్పు చేశా. కూర్చో, టిఫిన్ తిని వెళ్ళు."

ఆదివారం లేచి చెప్పాను. పెద్దల్లో ఇద్దరు ఇప్పటికీ నాతో మాట్లాడరు. పెళ్ళికార్డుల పని భాయ్‌కే వెళ్ళింది. ఆయన మాత్రం నెలా రెండు నెలలు నాతో ముక్తసరిగానే ఉన్నాడు, నాకది న్యాయమే అనిపించింది. ఒకరోజు మళ్ళీ ఫైలు తీసుకెళ్తే, తెరిచి చూడకుండానే, "ఈసారి నంబర్లేసి తెచ్చారా సార్, మళ్ళీ కవిత్వమా?" అన్నాడు. అప్పుడు ఊపిరి తీసుకున్నాను.

క్యాలెండరు మళ్ళీ అచ్చు వేయలేదు. కానీ ఆ తర్వాతి వారాల్లో గుమ్మం ముందు చెప్పుల తీరే మారిపోయింది. అందరూ జతలు జతలుగా, మూతులు సరిచేసి, కొందరైతే కొత్తవి కొనుక్కుని మరీ విడుస్తున్నారు. ఫోజిస్తున్న చెప్పుల్ని నేనేం తీయను?

ఎండాకాలంలో ఒక ప్లాను పని మీద వెళ్తూ ఆ పిన్నీసు చెప్పు ముసలావిడ ఇంటి ముందు ఆగాను. లోపలికి రమ్మని మంచం వాల్చింది. గోడ మీద మా క్యాలెండరు. బయట మే నెల ఎండ మాడుస్తోంది, గోడ మీద మాత్రం జనవరి.

"పేజీ తిప్పలేదేంటి పిన్నీ?" అన్నాను.

"తిప్పితే నా చెప్పు ఎనక్కి పోద్ది గదయ్యా" అంది. "తారీఖులదేముంది, పక్కింటోళ్ళని అడుగుతా."