డోరతీ మొక్కకి బోడిగుండు

నవ్వనని ముందు మాటివ్వండి, అప్పుడే చెప్తాను. మొన్న చలికాలంలో పక్కింటావిడ ప్రాణంలా చూసుకునే మొక్కని నేను తినేశాను! నేనొక్కదాన్నే కాదులెండి, అమెరికాలో మా ఊరు నోవై చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళందరం కలిసే తిన్నాం. దొంగగా దొరికింది మాత్రం నేను.

పక్కింటావిడంటే డోరతీ. డెబ్బై ఏళ్ళుంటాయి. పంతొమ్మిదివందల ఎనభైలో నేను పెళ్ళై ఇక్కడ దిగిన కొత్తలో, మా ఆయన ఆఫీస్‌కి పోతే ఈ మంచులో గడప దాటలేక కిటికీ దగ్గర కూర్చుని ఏడ్చేదాన్ని. ఆవిడ చూసింది. తలుపు కొట్టి, నన్ను తన కార్‌లో కూర్చోబెట్టి, స్నోలో డ్రైవింగ్ నేర్పింది. అదే మా ఆయన నేర్పుంటే ఫస్ట్ రోజే విడాకులయ్యేవి. అమెరికన్లలో నాకంటూ ఉన్న ఒక్క ఫ్రెండ్ ఆవిడే.

జనవరిలో డోరతీ ఫ్లోరిడాలో కూతురింటికి వెళ్తూ పెద్ద కుండీ ఒకటి తెచ్చి మా కిటికీలో పెట్టింది. "షారడా, ఇది వాల్టర్ మొక్క." వాల్టర్ అంటే పోయిన వాళ్ళాయన. ఎప్పుడో ఏదో వేడిదేశానికి టూర్ వెళ్ళినప్పుడు చిన్న కొమ్మ జేబులో వేసుకొచ్చి నాటాడట. ఇప్పుడది నా నడుమెత్తు గుబురు. కండపట్టిన కొమ్మలు, దళసరి ఆకులు. పేరేంటో ఆవిడకీ తెలీదు. జాగ్రత్తలన్నీ కాగితం మీద రాసిచ్చింది. మట్టి బాగా ఎండాకే నీళ్ళు పొయ్యాలి, ఎక్కువైతే వేరు కుళ్ళిపోతుంది. చల్లటి అద్దానికి ఆకు తగలకూడదు. "రోజూ పొద్దున్నే ఒక ఆకు నిమిరి వాసన చూస్తాను. వాల్టర్ పక్కనే ఉన్నట్టుంటుంది" అంటూ ఆఖరిసారి ఒక ఆకు నిమిరింది. నా ప్రాణం అడ్డేస్తానని మాటిచ్చేశాను.

ఆవిడ కారు మలుపు తిరిగిందో లేదో, నేనూ ఒక ఆకు నిమిరి వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఓరి దేవుడా! వామాకు! మా పెరట్లో నూతి పక్కన పెరిగే వామాకు!

మొదటివారం బుద్ధిగానే ఉన్నాను. నమ్మండి. రోజూ వాసన చూసి, చేతులు వెనక్కి కట్టుకుని వెళ్ళిపోయేదాన్ని. తర్వాత ఆ శనివారం వచ్చింది. బయట మోకాల్లోతు మంచు. ఇంట్లో మా ఆయన ఫ్రెండ్స్. డబ్బాలో శనగపిండి. ఎదురుగా వామాకు. ఏం చెయ్యమంటారు? "రెండు వాయిలే" అనుకుని ఆకులు కోశాను. బజ్జీ నోట్లో పెట్టుకున్న ఒకాయన కళ్ళు మూసుకుని చాలాసేపు మాట్లాడలేదు. ఆయన నోరు అలాగే మూసుకునుంటే బావుండేది!

మర్నాటినించీ వంటింటి గోడమీద ఫోన్ ఒకటే మోత. "మీ ఇంట్లో వాము మొక్కుందటగా?" ఒకావిడ బాబుకి దగ్గట, రసం తీసి తేనెలో నాకించాలట. పసివాడికి లేదంటామా? తర్వాత రమణి. పక్కూరు ఆన్ ఆర్బర్ నించి మంచులో డ్రైవ్ చేసుకుని వచ్చేసింది, మూడోనెల వేవిళ్ళతో. "శారదక్కా, వారం నించీ ఏం తిన్నా కక్కుకుంటున్నాను. వామాకు బజ్జీ ఒక్కటంటే ఒక్కటి పెట్టక్కా." కడుపుతో ఉన్న మనిషి నోరు తెరిచి అడిగితే కాదనే ఆడది మనవాళ్ళలో ఉందా? స్టవ్ దగ్గరే నిలబడి మూకుట్లోంచి తీసినవి తీసినట్టు లాగించింది. కక్కలేదు. ఆ సంతోషంలో రెండోరోజూ వచ్చింది. మూడోరోజూ.

ఇంకా నెల టైముంది, ఆలోపు చిగుర్లేస్తుందిలే అని నా ధీమా. అలాంటిది ఒక శుక్రవారం ఫోన్ మోగింది. "షారడా, హనీ! ముందే వచ్చేస్తున్నా, ఎల్లుండి. వాల్టర్ ఎలా ఉన్నాడు?"

తిరిగి చూశాను. కొమ్మలు. ఉత్త కొమ్మలు. చిట్టచివర్న ఓ అయిదారు ఆకులు, మరీ లేతవని వదిలేసినవి.

"కొంచెం చిక్కాడు" అన్నాను.

మా ఆయన కార్ డోర్ హ్యాండిల్స్ డిజైన్ చేస్తారు. ఆయన లోపలి ఇంజినీరు మేలుకున్నాడు. "కంగారు పడకు, అసెంబ్లీ ప్రాబ్లమే ఇది" అని షాప్‌కి పరిగెత్తి ప్లాస్టిక్ ఆకుల కట్ట తెచ్చారు. శనివారమంతా ఇద్దరం కూర్చుని పచ్చదారంతో, టేపుతో ఆకులు కట్టాం. "ఎంత లాగినా ఊడదు, నేను టెస్ట్ చేశా" అని జబ్బలు చరుచుకున్నారు. మొక్క మాత్రం పెళ్ళిపందిరి ద్వారంలా తళతళలాడుతోంది.

ఆదివారం డోరతీ వచ్చింది. కోటైనా విప్పకుండా నేరుగా కిటికీ దగ్గరికెళ్ళి, "హలో వాల్టర్" అని ఆప్యాయంగా ఒక ఆకు నిమిరింది. ఆకు టేపుతో సహా చేతిలోకొచ్చేసింది.

ఆవిడ ఆకు వంక చూసింది. నా వంక చూసింది. మా ఆయన బాత్‌రూమ్‌లో దూరి గడియపెట్టుకున్నారు.

"డోరతీ... మేము... తినేశాం."

"వాల్టర్‌ని తిన్నారా?!"

ఇంక ఆగలేకపోయాను. వెక్కి వెక్కి ఏడుస్తూ అంతా చెప్పేశాను. మా పెరడు, దగ్గు, రమణి వేవిళ్ళు, సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో. ఇక్కడున్న ఒక్క స్నేహాన్నీ శనగపిండిలో ముంచి వేయించేశానే అనుకున్నాను. డోరతీ కోటు విప్పి కుర్చీకి తగిలించింది. తర్వాత మెల్లిగా చిట్టచివరి ఆకులు తనే తుంచి నా చేతిలో పెట్టింది.

"ఇన్నేళ్ళూ వాసన చూస్తూ కూర్చున్నాను. తినొచ్చని నాకెప్పుడూ తట్టనే లేదు. వేయించు."

వేయించాను. మొదటిది తిని కళ్ళు తుడుచుకుంది. కారమో, వాల్టరో నాకు తెలీదు, అడగలేదు. రెండోది తింటూ పకపకా నవ్వింది. కళ్ళజోడు పెట్టుకుని కొమ్మలు పరీక్షగా చూస్తే, తుంచిన ప్రతిచోటా రెండేసి చిగుళ్ళు! ఏప్రిల్‌కల్లా మొక్క ముందుకంటే గుబురైంది. ఆవేళ బాత్‌రూమ్‌లో దాక్కున్న మా ఆయనే, "చూశావా, నా డిజైన్!" అన్నారు.

అంతా సుఖాంతమే అనుకుంటున్నారా? మొన్న డోరతీ మళ్ళీ ఫ్లోరిడా ప్రయాణం కట్టింది. వాల్టర్ కుండీని మా గుమ్మం ముందునించే మోసుకెళ్ళి ఎదురింటివాళ్ళకి అప్పగించింది. తర్వాత మా తలుపు కొట్టి, తన పిల్లిని నా చేతుల్లో పెట్టి, నా మొహంలోకి పరీక్షగా చూసి రెండుసార్లు అడిగింది.

"షారడా, మీరు పక్కా వెజిటేరియన్లే కదా?"