కంచె లోపలి గడ్డి, కంచె బయటి మొక్క

మా నగరంలో ప్రకృతి ప్రేమికుల సంఘం ఒకటుంది. ప్రకృతిని ప్రేమించడానికి వాళ్లు ఆదివారాలు మాత్రమే కేటాయించారు. ఈ వానాకాలంలో వాళ్లు వేసిన రంగుల కరపత్రం నా చేతికొచ్చింది. ‘నారాయణఖేడ్ దగ్గర అరుదైన గడ్డికి రక్షణ కంచె’ అని శీర్షిక. ఫోటోలో కార్యదర్శి ముఖం కొబ్బరికాయంత ఉంది, మొక్క అగ్గిపుల్లంత కూడా లేదు. అయినా ఆ నాలుగు పచ్చటి ఈకల్ని చూసి కుర్చీలోంచి లేచాను. అది గడ్డి కాదు, ఐసోయిటీస్. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినన్నాళ్లూ నల్లబల్ల మీద సుద్దతో దాని బొమ్మ గీశాను గానీ, ప్రాణమున్న మొక్కను ఒక్కసారీ చూడలేదు. మోకాళ్లు పూర్తిగా మొరాయించేలోపు చూసి రావాలనుకున్నాను.

కార్యదర్శికి ఫోన్ చేస్తే, “కార్లో వచ్చేయండి సార్, బోర్డు దూరం నుంచే కనిపిస్తుంది” అన్నాడు. మొక్క కనిపిస్తుందా అని అడిగితే మళ్లీ బోర్డు సంగతే చెప్పాడు. నాకు కారు లేదు.

పొద్దున ఏడింటికి పటాన్‌చెరులో నారాయణఖేడ్ బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి సీట్లన్నీ నిండి ఉన్నాయి. నా పక్కన నిలబడ్డ పెద్దమనిషి, “పైసలిచ్చినోడు నిలవడాలె, పుకట్ల ఎక్కినోళ్లు కూసోవాలె” అని గొణిగాడు. ముందు సీట్లో ఆమె మెడ తిప్పి, “ఇన్నేండ్లు మీరే కూసున్నరు గదా, ఇగ జెర నిలవడుండ్రి” అంది. బస్సంతా నవ్వింది. జోగిపేట దాటాక నాకూ సీటు దొరికింది. కిటికీ అవతల కంది, పత్తి, మళ్లీ కంది.

పదకొండు కావస్తుండగా నారాయణఖేడ్‌లో దిగాను. బస్టాండు దగ్గర హోటల్లో జొన్నరొట్టె, పప్పు, పచ్చి ఉల్లిగడ్డ పెట్టారు. ఈ ప్రయాణంలో నేను వంక పెట్టలేకపోయిన వాటిలో ఆ రొట్టె ఒకటి. తిన్నాక రఫీక్ అనే అతని ఆటో, నాగల్‌గిద్ద వైపు పోను రాను మాట్లాడుకున్నాను.

“గా కంచె కాడికా సార్? రిబ్బన్ కోసిన నాడు మస్తు కార్లొచ్చినయ్. షామియానా ఏసిన్రు, బిర్యానీ వండిపిచ్చిన్రు” అన్నాడు రఫీక్.

“తర్వాత ఎవరైనా వచ్చారా?”

“మీరే వచ్చిన్రు.”

బోర్డు నిజంగానే దూరం నుంచి కనిపించింది. చెట్టూ చేమా లేని ఎర్రరాతి బండ, దాని మధ్య పల్లంలో వాననీటి మడుగు, మడుగు చుట్టూ ముళ్ల తీగ కంచె, ఇనుప తలుపు. లోపల సిమెంటు బాట వేశారు, బెంచీ కూడా పెట్టారు. బెంచీ ఎవరికోసమో నాకు అర్థం కాలేదు. బోర్డు మీద మొక్క బొమ్మ కంటే దాతల పేర్లే పెద్దవి. తలుపు తీసుకుని లోపలికి వెళితే నడుమెత్తు గడ్డి ఎదురొచ్చింది. అది మామూలు గడ్డి, ఏ రోడ్డు పక్కనైనా పెరిగేదే.

ఐసోయిటీస్‌కి కావలసింది చాలా తక్కువ. బండ మీద పలచటి మట్టి, వానాకాలంలో చీలమండ లోతు నీళ్లు, పైన అడ్డం లేని ఎండ. దానికి పువ్వూ కాయా ఉండవు, అది ఫెర్న్‌లకు దూరపు చుట్టం. ఆకులు సన్నటి ఉల్లికాడల్లా గుత్తిగా నిలబడతాయి. వాటి మొదళ్లలో ఉబ్బిన చిన్న సంచుల్లో బీజాలుంటాయి. ఎండాకాలం ఆకులన్నీ మాడిపోయినా మట్టిలో చిన్న దుంప బతికే ఉంటుంది, తొలి వానలకు మళ్లీ చిగురిస్తుంది. ఇన్ని ఓర్చుకునే మొక్క నీడను మాత్రం ఓర్చుకోలేదు.

మోకాళ్ల మీద వంగి, గడ్డి దుబ్బులు పక్కకు తీస్తూ మడుగంతా వెతికాను. ఒక్క మొక్క లేదు. దగ్గరలో ఉన్న పశువుల్ని తోలేసి, మేసేవాళ్లు లేక పెరిగిన గడ్డితో మొక్కను కప్పేసి, దానికి రక్షణ అని పేరు పెట్టారు. పైగా కరపత్రంలో తమకు తామే చప్పట్లు కొట్టుకున్నారు. ఒళ్లు మండిపోయింది నాకు.

“ఏందయ్యా, ఏం పారేసుకున్నవ్?”

కంచె అవతల ఒకామె, ఆమె వెనక ఐదారు బర్రెలు. ఆమెను తుల్జమ్మ అందాం.

“మొక్క కోసం వెతుకుతున్నానమ్మా.”

“గా బొమ్మల ఉన్నది గదా, సూస్కో” అని బోర్డు చూపించింది. “కంచె ఎయ్యకముందు మా బర్లు గీడనే నీళ్లు తాగేటియి. ఇప్పుడు సుట్టు తిరిగి గింకో మడుగు కాడికి పోవాలె.”

బర్రెలు మేసే చోట గడ్డి పెరగదు, నీడా ఉండదు. ఆ మాట వినగానే బ్యాగు సర్దుకుని బర్రెల వెనకే నడిచాను. ఆ రెండో మడుగులో బర్రెలు అప్పటికే దిగి బురద చేశాయి. చుట్టూ గడ్డి గీకేసినట్టు పొట్టిగా ఉంది. గిట్టల గుంటల మధ్య, అరచేతిలో పట్టేంత గుత్తులుగా, ఈకల్లాంటి పచ్చటి ఆకులు. ఒక్క ఆకును మొదలుతో సహా మెల్లగా లాగాను. గోరుతో చీరితే లోపల ఉప్పు రవ్వల్లాంటి తెల్లటి బీజాలు. ఇన్నేళ్లు సుద్దతో చుక్కలు పెట్టింది వీటికే. కళ్లు తడిసిపోయాయి, సిగ్గుపడలేదు.

“గీ గడ్డికా ఇంత దూరమొచ్చినవ్?” తుల్జమ్మ ఆశ్చర్యపోయింది. “దీన్ని మా బర్లు గుడ ముట్టయ్.” అంతలోనే ఆమె ముఖం మారింది. “గా కంచెటోళ్లకు చెప్తవా ఏంది? ఊరి చెరువు మస్తు దూరం. గీ మడుగు గుడ మూసిన్రంటే బర్లను అమ్ముకునుడే.”

అప్పుడే నా ఫోన్ మోగింది. కార్యదర్శి.

“చూశారా సార్ మన క్షేత్రం?”

“చూశాను. తలుపు తీసి బర్రెల్ని లోపలికి తోలించండి. గడ్డి మేసేస్తే మొక్క తిరిగి రావచ్చు.”

ఆయన చాలాసేపు నవ్వాడు. “అరుదైన మొక్క మధ్యకి బర్రెలా? మీరు భలే జోకులేస్తారు సార్. చుట్టుపక్కల ఇంకెక్కడైనా కనిపిస్తే చెప్పండి, నిధులు మిగిలున్నాయి. దానికీ కంచె వేసేద్దాం. కనిపెట్టినవాడిగా మీ పేరే పెద్దక్షరాల్లో రాయిస్తాం.”

పేరు మీద ఆశ లేదని బుకాయించను. కానీ తుల్జమ్మ నా ముఖంలోకే చూస్తోంది. ఓ బర్రె ఐసోయిటీస్ గుత్తుల పక్కనే కాలు మోపి, పొట్టి గడ్డిని ఇంకా పొట్టిగా కొరుకుతోంది.

“ఎక్కడా లేదండీ. అంతా వెతికాను” అన్నాను.

నాలుగు గంటల బస్సుకు తిరిగొచ్చాను. చేతిరుమాల్లో చుట్టిన ఆకు సంగారెడ్డి వచ్చేసరికి వాడిపోయింది. రెండో మడుగు దగ్గర ఫోన్లో తీసిన ఫోటోలన్నీ బస్సులోనే చెరిపేశాను. చూసిరావాలనుకునే పాఠకులకు ఒక మాట. నారాయణఖేడ్‌కు పటాన్‌చెరు నుంచి బస్సులుంటాయి, జొన్నరొట్టె తప్పకుండా తినండి. కంచె దగ్గరికి ఏ ఆటోవాలా అయినా తీసుకెళ్తాడు. అక్కడ మంచి బెంచీ ఉంది, కూర్చుని దాతల పేర్లు చదువుకోండి. తుల్జమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. ఆమె బర్రెలు ఎటు వెళ్తాయో నన్ను అడగకండి.